ఆ ప్రార్థన మేము చేయకుండా ఉండవలసింది



ఈ వారం ఆదరణ వాక్యం ఒకటి రాయాలని కూర్చున్నాము. రాయలేకపోయాము. ఒక ప్రార్థన మనస్సులో ముల్లులాగా గుచ్చుకొని ఉంది. ఎవరో చేసినది కాదు, మేము చేసినదే. ముందు దాని సంగతి ఒప్పుకొని తరువాత మిగిలినది మాట్లాడతాము.

మూడు వారాల క్రితం బుధవారం గృహకూడిక మన సహోదరి ఒకరి ఇంట్లో జరిగింది. (ఆమెను అడిగే రాస్తున్నాము. పేరు మన వాళ్ళకు తెలుసు, బయటి వాళ్ళకు అక్కరలేదు.) ఆమె కుమారుడు ఎం.ఎస్. చదవడానికి చికాగో వెళ్ళాడు. పొలం తాకట్టు పెట్టి, బ్యాంకు లోను తీసుకొని, మన మందిరంలో పెద్దలందరూ చేతులుంచి ప్రార్థించి పంపిన బిడ్డ. కూడిక చివర మనవులు చెప్పమంటే ఆ తల్లి లేచి, "అయ్యగారూ, మావాడు రూము వెతుక్కుంటున్నాడు. నల్లోళ్ళ ఏరియాలో మాత్రం పడకుండా ప్రార్థన చేయండి. సౌత్ సైడు దిక్కు పోనే పోవద్దని అక్కడున్న మా వాళ్ళు గట్టిగా చెప్పారు" అన్నది.

మేము చేశాము. "ప్రభువా, ఆ చెడ్డ ప్రాంతమునుండి, ఆ జనముల మధ్యనుండి నీ బిడ్డను తప్పించుము" అని పెద్ద గొంతుతోనే చేశాము. అందరూ ఆమేన్ అన్నారు.

టీ తాగి చెప్పులు వేసుకుంటుంటే డిగ్రీ చదివే మన యౌవనస్థుడు ఒకడు పక్కకు వచ్చి నెమ్మదిగా అడిగాడు: "అయ్యగారూ, ఊళ్ళో వాళ్ళు మన పేట గురించి ఇట్లాగే ప్రార్థన చేసుకుంటే దేవుడు వింటాడా?"

ఎగతాళికి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. మాకు జవాబు రాలేదు. బండి స్టార్టు చేసుకొని వచ్చేశాము.

ప్రియులారా, ఒక తల్లి భయాన్ని మేము తప్పు పట్టడం లేదు. బిడ్డను సముద్రాల అవతలికి పంపిన తల్లికి నిద్ర పట్టదు. చికాగోలో తుపాకులు పేలుతున్నాయన్నది అబద్ధమూ కాదు. రాత్రిపూట ఏ వీధిలో నడవాలి, ఏ స్టేషనులో దిగకూడదు, ఏ అపార్ట్‌మెంటుకు కాపలా ఉంది అని అడగడం బుద్ధి. అది మన అద్దంకి బస్టాండులో అయినా అడుగుతాము. కానీ వీధి గురించి అడగడం వేరు, చర్మం గురించి అడగడం వేరు. ఒక జనమంతటినీ దేవుని సన్నిధిలో నిలబెట్టి, వీళ్ళనుండి తప్పించు అని అనడం మూడో సంగతి. ఆ మూడోది మేము చేశాము. తుపాకి కాల్పుల్లో పోయిన కొడుకులను సౌత్ సైడులో ముందుగా ఏడ్చి పాతిపెట్టేది ఎవరు? ఆ నల్లజాతి తల్లులే కదా. వాళ్ళు కూడా బుధవారం పూట మోకాళ్ళ మీదనే ఉంటారు. మన ప్రార్థనా వాళ్ళ ప్రార్థనా ఒకే సింహాసనం ముందు కలుసుకున్నప్పుడు మా మాట ఎట్లా వినబడి ఉంటుందో తలచుకుంటే తల ఎత్తలేకపోతున్నాము.

ఇంతకూ "సౌత్ సైడు" అనేది ఎట్లా వచ్చింది? దేవుడు చేశాడా, ఆ జనమే చెడగొట్టుకున్నారా, లేక ఎవరైనా గీత గీశారా? మన పిల్లలకు అక్కడి పెద్దలు పటం చూపించి చెబుతారు గాని, ఆ పటానికి రంగు వేసిందెవరో చెప్పరు. అందుకే కొంచెం విపులంగా రాస్తున్నాము, ఓపిక పట్టండి.

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల నుండి దక్షిణ రాష్ట్రాల పత్తి చేలలో పని చేసే నల్లవారు లక్షలాదిగా రైళ్ళెక్కి ఉత్తరాది నగరాలకు వచ్చారు. అక్కడ చెట్టుకు వేలాడదీసి చంపే మూకలు, ఇక్కడ చికాగోలో మాంసం ఫ్యాక్టరీల్లో, ఉక్కు మిల్లుల్లో కూలి. మన మెట్ట ఊళ్ళ నుండి బేల్దారి పనులకు హైదరాబాదు పోయినట్టే పోయారు. వచ్చిన వారిని నగరం దక్షిణాన ఒక సన్నని పట్టీలో కుదించారు. ఆ పట్టీ దాటరాదు. అది కాగితం మీద రాసిన గీత కాదు, నీళ్ళలో కూడా ఉండేది. 1919 జూలై 27న మిషిగన్ సరస్సులో యూజీన్ విలియమ్స్ అనే 17 ఏళ్ళ నల్లజాతి పిల్లవాడు తెప్ప మీద ఆడుకుంటూ తెల్లవారు స్నానం చేసే వైపుకు కొట్టుకుపోయాడు. గట్టు మీద నుండి రాళ్ళు విసిరారు. వాడు మునిగి చనిపోయాడు. రాయి విసిరినవాణ్ణి అక్కడున్న పోలీసు పట్టుకోలేదు. దానితో రేగిన అల్లర్లలో 38 మంది చనిపోయారు, 23 మంది నల్లవారు, 15 మంది తెల్లవారు. నీళ్ళకు హద్దు! మన చెరువుల్లో, మన బావుల దగ్గర ఇది తెలియనివాళ్ళెవరు మనలో? మన తాతలు రేవులో ఏ వైపు దిగాలో, దోసిలి ఎంత కిందకు పట్టి నీళ్ళు పోయించుకోవాలో తెలిసి బ్రతికినవారే కదా.

తరువాత హద్దు దస్తావేజుల్లోకి వచ్చింది. ఈ ఇల్లు నల్లవారికి అమ్మరాదు, అద్దెకు ఇవ్వరాదు అని రిజిస్ట్రేషను కాగితంలోనే షరతు రాసుకునేవారు. అటువంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పేసరికి 1948 వచ్చింది. అప్పటికి ఇంకొక పని అయిపోయింది. 1930ల్లో ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాల పటాలు తెచ్చి పేటలకు నాలుగు రంగులు వేసింది. మంచివి ఆకుపచ్చ, తరువాత నీలం, తరువాత పసుపు, చివరికి ఎరుపు. ఎరుపంటే అప్పు ఇస్తే ప్రమాదం. నల్లవారు ఉన్న పేటలు ఇంచుమించు అన్నీ ఎరుపే. 1934లో పెట్టిన ప్రభుత్వ గృహ రుణాల బీమా కూడా ఆ దారిలోనే నడిచింది. తెల్లవారికి కొత్త శివారుల్లో చౌక వడ్డీకి ఇళ్ళు, ఎర్ర పేటలకు బ్యాంకు తలుపు మూత.

అప్పు పుట్టని పేట ఏమవుతుందో మనకు వేరే చెప్పాలా? ఇల్లు కారితే కప్పు వేయలేరు. కప్పు లేని ఇంటికి ధర లేదు. అమెరికాలో బడికి డబ్బు చాలామట్టుకు ఆ ప్రాంతపు ఇంటి పన్ను నుండే వస్తుంది, కాబట్టి ధర లేని పేటకు మంచి బడి లేదు. బడి లేనిచోట ఉద్యోగం లేదు. షాపులు పోతాయి, కుర్రవాళ్ళు మూలల్లో నిలబడతారు, తరువాత వచ్చినవాడు కారు అద్దం ఎత్తుకొని, చూశావా ఈ జనం ఎట్లా ఉంచుకున్నారో అంటాడు.

బ్యాంకు అప్పు ఇవ్వనందువలన కొందరు దళారులు ఇంకొక గుంట తవ్వారు. నల్లవారు వస్తున్నారని భయపెట్టి తెల్లవారి దగ్గర చౌకగా ఇల్లు కొని, అదే ఇంటిని నల్ల కుటుంబానికి ఎన్నో రెట్లకు వాయిదాల మీద అమ్మేవారు. చివరి వాయిదా కట్టేవరకు దస్తావేజు చేతికి రాదు. మధ్యలో ఒక వాయిదా తప్పితే ఇల్లూ పోయె, కట్టిన డబ్బూ పోయె. చికాగోలోని లాన్‌డేల్ పేటలో ఇట్లా కొన్నవారు 1968లో ఒక సంఘంగా కూడి వాయిదాలు కట్టమని ఎదురు తిరిగారు. జాక్ మాక్‌నమారా అనే తెల్లజాతి జెసూట్ వేదాంత విద్యార్థి వారితో నిలబడ్డాడు. మేము సెమినరీలో డిప్లొమా చదివిన మూడేళ్ళలో హెబ్రీ అక్షరాలు నేర్చుకున్నాము, ప్రసంగానికి మూడు తలంపులు ఎట్లా తీయాలో నేర్చుకున్నాము. ఇంటి దస్తావేజులు చదవడం మాకెవ్వరూ నేర్పలేదు. నేర్పవలసింది.

ఆ లాన్‌డేల్ లోనే 1966లో మార్టిన్ లూథర్ కింగ్ గారు భార్యాపిల్లలతో ఒక పాడుబడ్డ అపార్ట్‌మెంటు అద్దెకు తీసుకొని ఉన్నారు. ఆ ఆగస్టు 5న మార్కెట్ పార్కు వైపు ఊరేగింపుగా వెళితే ఆయన తలకు రాయి తగిలింది. ఆ వేసవి ఊరేగింపుల్లో నడిచిన కన్యాస్త్రీల మీద కూడా రాళ్ళు పడ్డాయి. రాళ్ళు వేసినవారిలో ఎందరో ఆదివారం గుడికి వెళ్ళేవారే. దక్షిణాది మిసిసిపీ, అలబామాల్లో కూడా ఇంత ద్వేషం చూడలేదని కింగ్ గారు ఆ రోజున అన్నారు. ఇళ్ళ విషయంలో రంగు చూడరాదనే చట్టం ఆయన హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న వచ్చింది. చట్టం వచ్చింది గాని రంగు వేసిన పటం మనుషుల నోళ్ళలో మిగిలిపోయింది. ఇప్పుడు ఆ పటాన్ని మన తెలుగు నోరు అందుకున్నది. వాట్సాప్ వాయిస్ మెసేజీలో ప్రకాశం జిల్లా వంటింటి దాకా వచ్చింది. అక్కడి నుండి ఒక కాపరి ప్రార్థనలోకి వచ్చింది.

ఇక మన వాళ్ళు చెప్పే మాటలకు వద్దాము. ఈ మూడు వారాల్లో మేము ఈ సంగతి ఎత్తిన ప్రతి చోటా మూడే మూడు జవాబులు వినబడ్డాయి.

మొదటిది సిగ్గుచేటైనది, ఎందుకంటే అది బైబిలు పట్టుకొని చెప్పేది. "అయ్యగారూ, వాళ్ళు హాము సంతానం, శాపగ్రస్తులు కదా." ఈ మాట మేము ఒక కన్వెన్షన్ స్టేజీ మీద నుండి కూడా విన్నాము. పెద్ద ప్రసంగీకుడే, పేరు అనవసరం. వేలమంది ఆమేన్ అన్నారు. వారిలో సగం మంది ఆ ప్రసంగీకునికంటే నల్లగా ఉన్నవారే!

ఆదికాండము 9వ అధ్యాయం తీయండి. 25వ వచనంలో శాపం ఎవరి మీద పడింది? హాము మీద కాదు. హాము కుమారుడైన కనాను మీద. 10వ అధ్యాయం 6వ వచనం చూడండి. హామునకు కూషు, మిస్రాయిము, పూతు, కనాను నలుగురు కుమారులు. ఐగుప్తుకు దక్షిణాన ఉన్న నల్లవారి దేశం కూషుది. కూషును ఎవరూ శపించలేదు. ఆ మాట పలికింది దేవుడు కూడా కాదు, ద్రాక్షారసపు మత్తులోనుండి మేలుకొన్న నోవహు. ఇంత స్పష్టంగా ఉన్న దానిని అమెరికాలో బానిసల యజమానులు తమకు పనికివచ్చేటట్టు తిప్పుకొన్నారు. కొరడా వాళ్ళదీ, వ్యాఖ్యానమూ వాళ్ళదే. ఆ వ్యాఖ్యానాన్ని మనం దిగుమతి చేసుకోవడమా? పుట్టుకతోనే నీ నొసట ఇట్లా రాసి ఉంది, అందుకే ఊరి చివర ఉన్నావు అని చెప్పిన మాటను విడిచిపెట్టి కదా మన పూర్వికులు బాప్తిస్మపు నీళ్ళలోకి దిగింది! ఒక తలరాతను ఏటిలో వదిలి వచ్చి, ఇంకొకరి నొసట ఇంకొక తలరాత రాయడానికి మన చేతికి కలం ఎవరిచ్చారు?

హాము సంగతి అంత ఇష్టంగా చెప్పేవారు సంఖ్యాకాండము 12వ అధ్యాయం ఎందుకు చెప్పరో మాకు తెలియదు. మోషే కూషు దేశపు స్త్రీని పెండ్లి చేసుకున్నాడని మిర్యాము, అహరోను సణిగారు. దేవుడు ఏం చేశాడు? నల్లని వదినెను చూసి ముఖం తిప్పుకున్న మిర్యామును హిమమంత తెల్లగా చేశాడు, కుష్ఠుతో. తెలుపు కావాలా, తీసుకో అన్నట్టు. ఏడు రోజులు పాళెము వెలుపల ఉన్నది. సంబంధాలు చూసేటప్పుడు, "అమ్మాయి కొంచెం రంగు తక్కువండీ" అనే మన విశ్వాసులు ఈ అధ్యాయం భార్యాభర్తలు కలిసి చదువుకోవాలని మా మనవి.

యిర్మీయా 38 కూడా చదవండి. ప్రవక్తను బురద గోతిలో దింపి సొంత జనం చేతులు దులుపుకుంటే, రాజు దగ్గరకు వెళ్ళి మాట్లాడినవాడు కూషీయుడైన ఎబెద్మెలెకు. తాళ్ళు వేసి లాగితే చంకలు కోసుకుపోతాయని పాత గుడ్డలు, చింకి బట్టలు కూడా పంపి, వాటిని చంకల కింద పెట్టుకోమన్నాడు. అంత మెత్తని చేయి! యెరూషలేములో అంతమంది యాజకులుండగా గుడ్డ పేలికలు గుర్తుకు వచ్చింది ఆ నల్లవానికే.

రెండో జవాబు: "మేము కూడా రంగుగలవాళ్ళమే, కష్టపడి చదువుకొని పైకి వచ్చాము. వాళ్ళకేం రోగం?" ఇది అక్కడ స్థిరపడిన మన వాళ్ళ మాట, మర్యాదగా చెప్పినా గర్వమే.

మన కష్టాన్ని ఎవరూ కాదనరు. కానీ తలుపు తీసిందెవరు? 1923లో భగత్ సింగ్ థింద్ అనే, అమెరికా సైన్యంలో పని చేసిన ఒక పంజాబీ పౌరసత్వపు కేసు సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఆయన వాదన ఏమిటంటే, నేను ఉన్నత కులపు ఆర్యుణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణి అని. నల్లవారితో కలపకండి, తెల్లవారిలో చేర్చండి అని! కోర్టు ఒప్పుకోలేదు. సామాన్య అమెరికనుడు నిన్ను తెల్లవాడని అనుకోడు పొమ్మన్నది. తరువాత 1946లో ఏడాదికి 100 మంది భారతీయులకు మాత్రం దారి ఇచ్చారు. దేశమంతటికీ వంద! ఆ గోడ పడింది 1965 వలస చట్టంతో. అదే ఏడాది నల్లవారికి ఓటు హక్కు కాపాడే చట్టం వచ్చింది. మనుషులను జాతి చూసి తూచరాదని నల్లజాతివారు ఆలయాల్లో కూడి, వీధుల్లో నడిచి, కుక్కలతో కరిపించుకొని, జైళ్ళు నింపి దేశం మనస్సాక్షిని కదిలించినందువలన ఆ రెండు చట్టాలూ వచ్చాయి. మన సాఫ్ట్‌వేరు పిల్లల వీసా వెనుక వాళ్ళ రక్తం ఉంది. పైగా ఆ చట్టం మనలో చదువుకున్నవారిని ఏరి తీసుకున్నది. ఏరి తెచ్చిన గింజలను చూపించి, తొక్కిన చేను పంట ఇదేనా అని అడగడం న్యాయమా?

మన ఊహలు ఎంతవరకు నిలుస్తాయో 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేతలో తేలింది. కూచిభొట్ల శ్రీనివాస్ అనే మన హైదరాబాదు ఇంజనీరును, నా దేశం విడిచి పో అని అరుస్తూ ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. ఇరాను దేశస్థులనుకున్నాడట. అడ్డుకోబోయి గుండు తిన్నవాడు కూడా తెల్లవాడే, ఇయన్ గ్రిల్లట్, అతడు బ్రతికాడు. ద్వేషించేవాని కంటికి మన డిగ్రీ కనబడదు, కులం కనబడదు, వీసా కనబడదు. మనం వేరే అని మనం అనుకుంటాము, అంతే.

మూడో జవాబు మన పేట పెద్దలది. "అమెరికా గొడవ మనకెందుకు అయ్యగారూ? వాక్యం చెప్పండి చాలు."

మనకు వాక్యం ఎక్కడి నుండి వచ్చిందో గుర్తు చేయనివ్వండి. నెల్లూరులో శామ్యూల్ డే దొరగారు సేవ చేస్తున్న రోజుల్లో, 1844 చివర, ఆయనను పంపిన అమెరికా బాప్తిస్టు మిషను బోర్డుకు దక్షిణాది నుండి ఒక ప్రశ్న వచ్చింది: బానిసలున్న యజమానిని మిషనరీగా పంపుతారా? బోర్డు పంపమని చెప్పింది. దాని మీద 1845లో బాప్తిస్టులు రెండుగా చీలిపోయారు. దక్షిణాదివారు తమ తప్పు ఒప్పుకొని క్షమాపణ చెప్పడానికి 150 ఏళ్ళు పట్టింది, 1995 వరకు. ఒకవేళ ఆ రోజు బోర్డువారు, గొడవ మనకెందుకు, వాక్యం చెబితే చాలు అని ఉంటే, మన తాతలకు సువార్త చెప్పడానికి కొరడా చేతబట్టినవాడు కూడా వచ్చి ఉండేవాడు.

ఒంగోలులో క్లౌ దొరగారి సంగతి మీకు తెలిసిందే. పై కులాలవారు, మేము వస్తాము గాని మాదిగలను చేర్చుకోవద్దన్నారు. ఆయన ఒక గదిలో, దొరసానిగారు ఇంకొక గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీయులకు 1వ అధ్యాయంలో ఒకే భాగం కనబడింది, లోకం నీచమని ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకొన్నాడనేది. ఆ తీర్మానం వల్లనే 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన వంశవృక్షాలు ఆ ఏటి ఒడ్డున మొదలవుతాయి. కింగ్ గారు 1959లో మన దేశం వచ్చినప్పుడు కేరళలో హరిజన పిల్లల బడికి వెళితే, ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికా నుండి వచ్చిన తోటి అంటరానివాడని పరిచయం చేశాడు. ఆయనకు మొదట మనస్సు చివుక్కుమన్నది. తరువాత ఆలోచించుకొని, అవును, నేను అంటరానివాణ్ణే అని ఒప్పుకొన్నాడు. ఆయన మనలను సహోదరులని ఒప్పుకొన్నాడు. మనం ఆయన జనం ఉన్న వీధి తప్పించమని ప్రార్థించాము.

గొడవ మనకెందుకనే పెద్దలకు ఇంకొక మాట, నొప్పి కలిగితే మన్నించండి. మన ఊళ్ళో ఒకే ప్రభువుకు రెండు పేటలు, రెండు మందిరాలు, రెండు సమాధుల తోటలు ఉన్నాయి. ఆ పేటవారి ఇంట్లో మన బిడ్డలు అన్నం తింటే మనకు ఎట్లా ఉంటుందో మన హృదయాలకు తెలుసు. అమెరికా పటంలోని ఎరుపు రంగు మన చేతికి అంత తేలికగా అంటుకున్నది ఎందుకంటే చేయి ముందే తడిగా ఉంది.

అక్కడి సంఘం కూడా మనవంటిదే. ఫిలడెల్ఫియాలో 18వ శతాబ్దం చివర ఒక మెథడిస్టు ఆలయంలో నల్ల విశ్వాసులు మోకరించి ఉండగా, ఇది మీ చోటు కాదని అబ్షాలోము జోన్స్ అనే సహోదరుణ్ణి ప్రార్థన మధ్యలోనే లాగి లేపారు. ప్రార్థన అయ్యేదాకా ఆగండి అన్నా ఆగలేదు. రిచర్డ్ అలెన్ గారు, ఆయన, మిగిలినవారు లేచి బయటకు నడిచారు. ఆ నడకలో నుండి 1816లో ఆఫ్రికన్ మెథడిస్టు సంఘం పుట్టింది. చికాగోలోనూ నల్లవారు పక్క వీధిలోకి వచ్చిన కొద్దీ ఎన్నో తెల్ల సంఘాలు ఆలయాలు అమ్ముకొని శివారులకు వెళ్ళిపోయాయి. సువార్త చెప్పడానికి ఆఫ్రికాకు ఓడ ఎక్కినవారు, ఆఫ్రికా బిడ్డ పక్కింటికి వస్తే లారీ ఎక్కారు.

1955లో సౌత్ సైడుకు చెందిన 14 ఏళ్ళ ఎమ్మెట్ టిల్‌ను సెలవులకు బంధువుల ఊరికి మిసిసిపీ వెళితే చంపి ఏటిలో పడేశారు. తల్లి మేమీ ఆ శవాన్ని చికాగో తెప్పించి, పెట్టె మూయవద్దన్నది. నా బిడ్డకు ఏం చేశారో లోకం చూడాలన్నది. ఆ పెట్టె తెరిచి ఉంచిన చోటు రాబర్ట్స్ టెంపుల్ అనే ఆలయం. వేలాదిమంది వరుసగా వచ్చి చూశారు. మన సహోదరి తప్పించమన్నది అటువంటి తల్లి ఉన్న వీధిని.

ఇంకొక బుధవారం సంగతి కూడా ఉంది. 2015 జూన్ 17, చార్లెస్టన్ నగరం, రిచర్డ్ అలెన్ గారి సంఘానికే చెందిన ఇమ్మానుయేలు ఆలయం. మనలాగానే బైబిలు ధ్యానానికి కొద్దిమంది కూడారు. ముక్కూ మొహం తెలియని తెల్ల కుర్రవాడు ఒకడు లోపలికి వచ్చాడు. ఎవరు నువ్వు, ఏ ఏరియా అని అడగలేదు. కాపరి పక్కనే కుర్చీ ఇచ్చారు. దాదాపు గంటసేపు వాక్యం విన్నాడు. చివరి ప్రార్థనకు కళ్ళు మూసుకున్నప్పుడు తుపాకి తీసి తొమ్మిది మందిని చంపాడు, కాపరితో సహా. రెండు రోజులకు కోర్టులో ఆ కుటుంబాలవారు కొందరు వానితో, నిన్ను క్షమించామని చెప్పారు. క్షమించలేమన్నవారూ ఉన్నారు, వారిని మేము తప్పు పట్టము. భయపడవలసిన కారణం ఆ జనానికి మనకంటే ఎక్కువ ఉంది. అయినా కుర్చీ వేశారు.

మొన్న బుధవారం మళ్ళీ ఆ సహోదరి ఇంటికే వెళ్ళాము. ఆ రోజు వచ్చినవారందరినీ పిలిచి, ఆ ప్రార్థన తప్పని, కాపరిగా మేమే మొదటి దోషులమని ఒప్పుకొన్నాము. ప్రశ్న అడిగిన కుర్రవాణ్ణి ముందుకు పిలిచాము, వాడు సిగ్గుపడి తలుపు దగ్గరే నిలబడ్డాడు. కొందరు ఏడ్చారు. ఒక పెద్దాయన మాత్రం లేచి వెళ్ళిపోయాడు, సమాధుల తోట మాట ఎత్తినందుకు. ఆయన కోసం మీరు ప్రార్థించండి, మేము ఆదివారం లోపల వెళ్ళి కలుస్తాము.

సహోదరి చివరిదాకా ఏమీ మాట్లాడలేదు. అందరూ వెళ్ళాక, "అయ్యగారూ, మీరు చెప్పింది నిజమే. కానీ మీ కొడుకు అక్కడ లేడు" అన్నది.

నిజమే. మా కొడుకు ఇక్కడే తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ఆమెతో వాదించలేదు. "మరి ఏమని ప్రార్థన చేద్దామమ్మా?" అని అడిగాము. ఆమె చాలాసేపు ఆలోచించి, "వాడికి రూము దొరకాలి. ఆ చుట్టుపక్కల తల్లుల కొడుకులందరూ రాత్రికి ఇంటికి చేరాలి" అన్నది. భయం పోలేదని కూడా అన్నది.

ఆ మాటలతోనే ప్రార్థించాము. కుర్రవానికి ఇంకా రూము దొరకలేదు, స్నేహితుల గదిలో నేల మీద పడుకుంటున్నాడు. చికాగోలో ఉన్న మన సంఘ బిడ్డలెవరైనా ఇది చదివితే మాకు ఫోను చేయండి, నంబరు ఇస్తాము. ఏ వీధి అయినా సరే.